ఆవిడకి తెలుసా?

మలంలో రక్తం మొదటిసారి కనిపించిన రోజుకూ, ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తోందో ఒక డాక్టరు లోపలికి చూసిన రోజుకూ మధ్య దాదాపు ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో నేను వైద్యం చేయించుకోకుండా కూర్చోలేదు. తెనాలిలో మా వీధి చివర మొలలు, ఫిషర్, ఫిస్టులా ఆపరేషన్ లేకుండా నయం చేస్తామని బోర్డు పెట్టుకున్న క్లినిక్కుకు వెళ్ళాను. ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టలేదు, వేలితో పరీక్ష చేయలేదు. నేను చెప్పింది సగం విని, "ఈ వయసులో మామూలేనమ్మా" అని ఒక ఆయింట్‌మెంటు, ఒక చూర్ణం, విరేచనం సాఫీగా కావడానికి ఒక సిరప్పు రాసిచ్చారు. మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారేమో హిమోగ్లోబిన్ 8కి పడిపోయిందని ఐరన్ మాత్రలు మొదలుపెట్టి, అది పెరగకపోతే మాత్రల కంపెనీ మార్చారు. నెలసరి ఆగిపోయి ఏళ్ళు గడిచిన మనిషి ఒంట్లోంచి రక్తం ఏ దారిన పోతోందన్న ప్రశ్న ఆయనకు రాలేదు. నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. జమ పడుతున్నా నిల్వ తరుగుతోందంటే పద్దులో రాయని ఖర్చు ఎక్కడో ఉందని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు.

చివరకు నాతో పనిచేసిన ఒక టీచరమ్మ పట్టుబట్టి గుంటూరులో పొట్ట, పేగుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. పెద్దపేగు లోపలికి గొట్టంతో చూసే కొలనోస్కోపీ గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ముందురోజు లీటర్ల కొద్దీ మందునీళ్ళు తాగడమే కష్టం, పరీక్ష మత్తులో జరిగిపోయింది. లోపల పుండు ఉందని, ముక్క తీసి పంపామని చెప్పారు. రిపోర్టు వచ్చే వేళకు హైదరాబాదు నుంచి మా అబ్బాయి సెలవు పెట్టుకుని దిగాడు. పుండుకు సెలవెందుకురా అని అడిగితే, ఊరికే చూసిపోదామని వచ్చానన్నాడు.

రిపోర్టు చూపించడానికి వెళ్ళిన ఆసుపత్రిలో రోగి కూర్చునే స్టూలు మీద నేనున్నాను, మావారూ అబ్బాయీ వెనక నిలబడ్డారు. డాక్టరు గారు బయాప్సీ కాగితం చదివి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, నా తల మీదుగా మా అబ్బాయిని చూస్తూ, "ఆవిడకి తెలుసా?" అన్నారు. వాడు తెలియదని ఇంగ్లీషులో చెప్పాడు, అక్కడికి నాకు ఆ పాటి ఇంగ్లీషు రానట్టు. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అని ఆయన అటెండరును పిలిచారు. తలుపుకున్న అద్దంలోంచి మావారి వీపు, దాని పక్కన మా అబ్బాయి చేతిలో వణుకుతున్న ఫైలు కనిపిస్తూ ఉండగా, నా జబ్బు పేరు నాతో ఎవరూ అనకుండానే నాకు తెలిసిపోయింది.

మా ఇళ్ళలో దీన్ని ప్రేమ అంటారు. పుండు అనే చెబుదామని తండ్రీ కొడుకూ ముందురోజు రాత్రే అనుకున్నారట; వాళ్ళ మీద కోపం చాలావరకు పోయింది. ఆ డాక్టరు మీద మాత్రం పోలేదు. ఆయన చదువుకు, అనుభవానికి నాకు గౌరవమే. అయితే కోత పడేది నా ఒంటికి, సంతకం పెట్టవలసింది నేను, రేపు ఏదైనా అయితే పోయేది నేను. అటువంటప్పుడు నాకు తెలుసో లేదో నన్నే అడగవచ్చు గదా. స్టూలు మీద కూర్చున్నది సామాను మూట కాదన్న స్పృహ అంత పెద్ద మనిషికి లేకపోవడం నన్ను జబ్బు కంటే ఎక్కువగా బాధించింది.

విజయవాడలో మేము ఆ తరువాత కలిసిన సర్జన్ గారు చేసిన మొదటి పని తన కుర్చీని నావైపు తిప్పుకోవడం. "అమ్మా, మీకేమని చెప్పారు?" అని నన్నే అడిగారు. క్యాన్సర్ అని నేనే అన్నాను. వెనక మావారు దగ్గారు. ఆయన మందుల చీటీ వెనక బొమ్మ గీసి, పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో గడ్డ ఎంత ఎత్తున ఉందో, పేగు గోడను దాటి ఎంత బయటికి వచ్చిందో, పక్కనున్న గ్రంథులు ఎలా ఉబ్బాయో చూపించి, కాలేయానికీ ఊపిరితిత్తులకూ పాకలేదు కాబట్టి ఇది మూడో దశ అనీ, నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం మొదలుపెడుతున్నామనీ చెప్పారు. 1908లో మైల్స్ అనే బ్రిటిష్ సర్జన్ చెప్పిన పద్ధతిలో మలద్వారాన్ని కూడా తీసేసి పొట్ట మీద శాశ్వతంగా దారి పెట్టేవారనీ, 1982లో హీల్డ్ అనే మరో సర్జన్ పురీషనాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా ఆ పొర చిరగకుండా తీస్తే జబ్బు అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గుతుందని చూపించారనీ, పేగును స్టేప్లర్‌తో కలపడం కూడా వచ్చాక చాలామందికి మలద్వారం నిలుస్తోందనీ వివరించారు. ఇదంతా ఒక రోగికి అవసరమా అని మావారు తరువాత అన్నారు. నాకు అవసరమే. లెక్క ఎలా వచ్చిందో చూపిస్తే తప్ప జవాబును నమ్మే అలవాటు నాకు లేదు.

ముందు కరెంటు, అంటే రేడియేషన్, దానితోపాటు కాపెసిటబిన్ అనే క్యాన్సర్ మాత్రలు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలకు పైగా అదే నడిచింది. మూత్రానికి వెళితే మంట, అరికాళ్ళు ఎర్రబడి పొరలూడటం, నీరసం. వీటి గురించి అందరూ చెబుతారు. కరెంటు అయిన తరువాత మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ అనే క్యాన్సర్ మందును నరంలోకి డ్రిప్‌గా ఎక్కించడం మొదలుపెట్టారు. దాని సంగతే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ధనుర్మాసం. మొదటి డ్రిప్ ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చాం. అర్ధరాత్రి దాటాక నోరెండిపోయి మెలకువ వచ్చింది. మంచం పక్కన రాగి చెంబులో నీళ్ళుంటాయి. చెంబు పట్టుకోగానే వేళ్ళలో సూదులు గుచ్చినట్టయి చేయి వెనక్కి తీసుకున్నాను. చలికి అనుకుని, చీర చెంగుతో పట్టుకుని ఒక గుక్క తాగాను. ఆ గుక్క దిగలేదు. గొంతు లోపలి నుంచి ఎవరో పిడికిలి బిగించినట్టు మూసుకుపోయింది, దవడ బిగిసింది, గాలి పీల్చుకుంటున్నానో లేదో నాకే తెలియని స్థితి. మావారిని లేపుదామంటే మాట ముద్దగా వచ్చింది. ఆయన లైటు వేసి, నా ముఖం చూసి, ఏం చేయాలో తోచక చల్లగాలి తగలాలని కిటికీ తలుపులు బార్లా తెరిచారు. ఆ చలిగాలి లోపలికి పోయేసరికి గొంతు మరింత బిగుసుకుంది. నా వైద్యం క్యాన్సర్‌తో కాకుండా ఒక గుక్క నీళ్ళతో ముగిసిపోతోందని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. కొడుకు ముఖం గుర్తుకు రావాలేమో కానీ నాకు మాత్రం బీరువా తాళం చెవి ఎక్కడ పెట్టానో ఆయనకు చెప్పలేదన్న సంగతి గుర్తుకొచ్చింది.

మావారు ఆసుపత్రి వార్డుకు ఫోను చేశారు. ఎత్తిన నర్సు మలయాళం యాసలో తెలుగు మాట్లాడుతోంది. "ఫోను అమ్మకు ఇవ్వండి" అంది. "అమ్మా, మీ పేరు చెప్పండి." ముద్దముద్దగానే చెప్పాను. "మాట వస్తోంది కదా, అంటే గాలి ఆడుతోంది. ఆ మందుకు చల్లదనం పడదు, నరాలు అలా చేస్తాయి. కిటికీ మూసేయండి, మెడకు శాలువా చుట్టుకోండి, గోరువెచ్చటి నీళ్ళు చెంచాతో తాగండి. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, పిల్లికూతలు వినిపించినా, పెదవులు వాచినా ఆగకుండా వచ్చేయండి, అది వేరే సంగతి." ఆ అమ్మాయి ఫోను పెట్టేయలేదు; వేడినీళ్ళు రెండు చెంచాలు దిగేదాకా లైనులోనే ఉంది. పావుగంటకు గొంతు వదిలింది. తెల్లవారాక ఫైలులో వెతికితే చల్లటివి తాగవద్దు, చల్లటివి ముట్టుకోవద్దు అని చిన్న అక్షరాల ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం కనిపించింది. లక్షల బిల్లు వేసే చోట ఆ ఒక్క ముక్క తెలుగులో, నోటితో చెప్పడానికి మనిషి దొరకలేదా? ఆ అమ్మాయికి మాత్రం నేను బతికున్నంత కాలం మొక్కుతాను.

ఆపరేషన్ బాగా జరిగింది, దాని గురించి రాయడానికి నాకు గుర్తున్నదీ తక్కువే. కలిపిన పేగు మానేవరకు మలం అటు పోకుండా పొట్ట కుడివైపు చిన్నపేగును బయటికి తెచ్చి సంచీ పెట్టారు. ఎర్రగా, తడిగా, నోటి లోపలి చర్మంలా ఉండే ఆ ముక్కను ముట్టుకున్నా నొప్పి ఉండదు. దాని చుట్టూ ఉన్న చర్మం మాత్రం ఒక్క చుక్క కారితే మండిపోతుంది. పేగు కొలత కాగితం మీద గీసుకుని, సంచీ వెనక పలకను కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, చర్మాన్ని పొడిగా తుడిచి, పౌడరు చల్లి, మడత పడకుండా అంటించాలి. ఆ పని నేర్చుకున్నది మా కోడలు. మావారు సంచీ మార్చేటప్పుడు పేపరు అడ్డం పెట్టుకునేవారు. జీవితమంతా నా వంట తిన్న మనిషికి నా పొట్టను చూసే ధైర్యం లేకపోయింది.

అదే రోజుల్లో ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. మా చిన్న ఆడపడుచు గుమ్మంలోనే ఆగి, "సంచీతో పీటల మీద ఎలా కూర్చుంటావు వదినా?" అంది. నేను జవాబు వెతుక్కుంటుండగా మా కోడలు, "అందరి పొట్టలోనూ ఉండేదే కదా పిన్నిగారూ, అత్తయ్యకు బయట ఉంది" అని కొబ్బరికాయలు అందించింది. పీటల మీద కూర్చున్నాను. మరుసటి శనివారం వైకుంఠపురం వెళ్ళి స్వామి దర్శనం కూడా చేసుకున్నాను. డాక్టర్లు కాపాడారా, ఆయన కాపాడాడా అని మా అబ్బాయి వేళాకోళం చేస్తాడు. ఆ నర్సు చేత ఆ వేళ ఫోను ఎత్తించినవాడు ఆయనేనని నా నమ్మకం, వాడితో వాదించను.

కొన్ని నెలలకు సంచీ తీసి పేగును లోపల పెట్టారు. దాంతో కష్టాలు తీరుతాయనుకున్నాను. కొత్త పేగుకు మలాన్ని ఆపుకునే జాగా ఉండదు. అన్నం తిన్న ప్రతిసారీ పరుగు, ఒకసారి వెళ్ళివచ్చిన అయిదు నిమిషాలకే మళ్ళీ పరుగు. ఇలా ఏడాది రెండేళ్ళు ఉండవచ్చని, కొంతమందికి పూర్తిగా పోదని ముందే చెప్పి ఉంటే బాగుండేది. అంత బాగా బొమ్మ గీసిన సర్జన్ గారు కూడా ఈ మాట దగ్గర త్వరపడ్డారు. ఇప్పుడు చాలావరకు తగ్గింది. స్కాన్లు శుభ్రంగా ఉన్నాయి, జబ్బు తిరగబెడుతోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష చెప్పిన గడువుకు చేయించుకుంటున్నాను.

పెద్దపేగులో పిలక (పాలిప్) మొలిచి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుందంటారు. ఆ పదేళ్ళలో కనిపెడితే చాలావరకు కొలనోస్కోపీలోనే తుంచేయవచ్చు. 2021 నుంచి అమెరికాలో 45 ఏళ్ళు నిండిన అందరినీ పరీక్ష చేయించుకోమంటున్నారు. మన దగ్గర ప్రభుత్వం 30 దాటినవాళ్ళకు చేయించే పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకే. పేగు ఆ జాబితాలో లేదు. కాబట్టి రక్తం పడుతుంటే మొలలని ఎవరు చెప్పినా, వేలితో పరీక్ష చేసి చెప్పారా అని అడగండి. అడగడానికి సిగ్గుపడితే ఆ సిగ్గు ఖరీదు నా ఫైలులో ఉంది, ఎవరికైనా చూపిస్తాను.

తల్లికో తోబుట్టువుకో అరవై లోపు ఈ జబ్బు వస్తే మిగిలినవాళ్ళు 40 ఏళ్ళకు గానీ, వాళ్ళకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. మా అబ్బాయికి ఇంకా వయసు రాలేదు, తేదీ రాసి పెట్టాను. మా తమ్ముడికి యాభై దాటాయి. పంట చేతికి రానీ అక్కా అని ఒకసారి, పెళ్ళిళ్ళున్నాయని ఒకసారి తప్పించుకున్నాడు. ఈసారి గుంటూరులో నేనే పేరు రాయించి, డబ్బు కట్టి, మందునీళ్ళ పొడి మా మరదలి చేతికిచ్చి వచ్చాను. వచ్చే శుక్రవారం సాయంత్రం నుంచి వాడికి అన్నం పెట్టవద్దని చెప్పాను.