రేడియేషన్ అయ్యాక మొదలైన దగ్గు: నా అనుభవం

నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి చెన్నైలో 30 సిట్టింగుల్లో 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇచ్చారు. ఆ ఆరు వారాలూ పెరంబూరులో మా ఇంట్లోనే ఉన్నాడు. అయిపోయిన మర్నాడే నెల్లూరు బండెక్కేశాడు. ముద్ద మింగుడు పడకపోవడం, ఛాతీ మీద చర్మం కమలడం కొన్ని వారాల్లో సర్దుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాం.

రెండు నెలలకి పొడి దగ్గు పట్టుకుంది. ఫోన్‌లో అడిగితే "ఏం లేదురా, మీ అమ్మ పోపు ఘాటు" అనేవాడు. ఆ తర్వాత సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, మెట్లెక్కితే ఆయాసం. అక్కడి డాక్టరు న్యుమోనియా అని రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడించాడు. ఆయన్ని మాత్రం ఏమంటాం? రేడియేషన్ సంగతి ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

తగ్గక మళ్లీ చెన్నై తీసుకొస్తే డాక్టరమ్మ మొదట అడిగింది అదే. ఫైల్లో ఆఖరి సిట్టింగ్ తేదీ చూసి వేళ్ల మీద వారాలు లెక్కపెట్టింది. తెలుగు వచ్చినావిడే. "నెల నుంచి ఆరు నెలల్లోపు ఇలా వస్తుంటుంది, రేడియేషన్ న్యుమోనైటిస్ అంటాం, అంటే రేడియేషన్ వల్ల ఊపిరితిత్తి వాయడం. ఖాయంగా తేల్చే టెస్టంటూ ఒకటి లేదు. మిగతావి కాదనుకుంటూ రావాలి" అంది. ఇన్ఫెక్షన్‌కి రక్త పరీక్షలు, టీబీకి కళ్లె, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందేమో, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడటానికి సీటీ. ఆ చివరి మాటతోనే నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

ఊపిరి పరీక్ష ఇంకో కథ. ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం. "ఊదుంగ" అంటే నాన్న బాగానే ఊదాడు, ఆ మాట మనదీ కదా. తర్వాత గాలి పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. టెక్నీషియన్ తమిళంలో "పిడింగ, పిడింగ" (బిగబట్టండి) అని అరుస్తుంటే నాన్న ఊపిరి వదిలేసి గొట్టం పిడిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు! నేను లోపలికెళ్లి తెలుగులో చెప్పాక మూడోసారికి కుదిరింది. గాలిలోంచి రక్తంలోకి ఆక్సిజన్ ఎంత బాగా దాటుతుందో తెలిసేది ఆ పది సెకన్లతోనేనట. ఆరు నిమిషాలు వరండాలో నడిపిస్తే 96 ఉన్న ఆక్సిజన్ 91కి దిగింది.

సీటీ వచ్చాక డాక్టరమ్మ కంప్యూటర్లో దాని పక్కనే పాత రేడియేషన్ ప్లాన్ పెట్టింది. పొగమంచులా తెల్లటి మచ్చ. ఒకవైపు అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది, ప్లాన్‌లో కిరణాలు వెళ్లిన దారి మీదే. "ఇన్ఫెక్షన్ ఇలా గీత గీసుకుని ఆగదు" అంది. రక్తం గడ్డ లేదు, కళ్లెలో టీబీ లేదు, క్యాన్సర్ పెరిగిన గుర్తులూ లేవు. మందు అవసరమైంది గానీ ఆక్సిజన్ పెట్టే దాకా రాలేదు కాబట్టి గ్రేడ్ 2 అని రాసింది.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 50 మిల్లీగ్రాములతో మొదలు. నాలుగో రోజుకి దగ్గు సగమైంది, షుగర్ మాత్రం 280కి ఎగబాకింది. దానికి వేరే మాత్ర. బాగుందని నాన్న సొంతంగా డోసు తగ్గించేసరికి వారంలో ఆయాసం తిరిగొచ్చింది, మళ్లీ మొదటికొచ్చాం. అప్పటినుంచి ఏ తేదీ నుంచి ఎంత వేసుకోవాలో అమ్మ క్యాలెండర్ మీద రాసి పెడుతోంది.

ఇప్పుడు 10 దగ్గరున్నాం. మొన్న ఫోన్‌లో మాట్లాడుతూ దగ్గాడు. "పోపు ఘాటురా" అన్నాడు. వేలికి మిషన్ పెట్టుకుని రెండు గదులూ నడిచొచ్చి నంబరు చెప్పమన్నాను. విసుక్కుంటూనే నడిచాడు. 95.