చీటీ లేని పట్టీ

"ఇది నా లెక్కలో లేదు."

నా ట్రక్కు మీద లోడును కట్టిన పట్టీల్లో మూడోదాని మీద టార్చిలైటు నిలిపి తనిఖీ అధికారి అన్న మాట అంతే. రెండు నెలల క్రితం నా డబ్బుతో నేనే కొన్న పట్టీ అది. ఎక్కడా చిరగలేదు, అంచుల్లో పీచు లేవలేదు. పక్కనున్న నాలుగూ దానికి తోబుట్టువులే. కాకపోతే అది ఎంత బరువుకు పనికివస్తుందో తెలిపే చీటీ ఎక్కడో ఒరుసుకుని ఊడిపోయింది. కెనడాలో ఆ అంకె కనిపించని పట్టీతో లోడు కట్టకూడదు. కడితే కట్టనట్టే.

ఆల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీ నుంచి, పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలోని కమ్లూప్స్‌కు ఇనుప గొట్టాలు తీసుకువెళ్తున్నాను. ఒక్కొక్కటి 12 మీటర్లు, మొత్తం 22 టన్నులు. ఫ్లాట్‌బెడ్ ట్రైలరుకు పక్కగోడలుండవు కదా, ఆపేవి పట్టీలే. వాటి సామర్థ్యం మొత్తం కలిపి లోడు బరువులో కనీసం సగం ఉండాలి. నా పట్టీ ఒక్కొక్కటి 2,450 కిలోలకు. ఐదు కలిస్తే 12,250, కావలసినది 11,000. పొడవు లెక్కన చూసినా ఐదే: ముందు అడ్డు లేకపోతే మొదటి 3.04 మీటర్లకు రెండు, ఆపైన ప్రతి 3.04 మీటర్లకు ఒకటి. సరిగ్గా ఐదు కట్టానని ఉదయం మురిసిపోయాను కూడా. ఒకటి తీసేయగానే 9,800కు పడిపోయాను. బండి ఆగిపోయింది.

బతిమాలాను. ఇలాంటి చోట మన దగ్గర కథ ఎలా ముగుస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆ దారి లేదు. లాగి చూడండి అన్నాను. "మీ పట్టీ బలహీనమని నేననలేదు. ఎంత బలమో చెప్పే ఆధారం లేదంటున్నాను" అన్నాడు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ మండించింది.

అప్పటికే 1,627 మీటర్ల ఎత్తున కిక్కింగ్ హార్స్ కనుమ దాటి వచ్చాను. లోడు వేలెడు కదలలేదు. బయలుదేరిన 80 కిలోమీటర్లలోపు దిగి చూడాలి, చూశాను. తర్వాత మూడు గంటలకో 240 కిలోమీటర్లకో, ఏది ముందు వస్తే అప్పుడు మళ్లీ చూడాలి, అదీ తప్పను. పట్టీలు వదులయ్యాయేమో అని చూశాను. వాటిని చదవాలని నాకు తోచలేదు.

మా నాన్న గాజువాక నుంచి విజయవాడకు ఇనుప రాడ్లు తోలేవాడు. ఆ రాడ్లూ 12 మీటర్లవే. లారీ తొట్టి అంత పొడవుండదు కనుక కొన్నిసార్లు మధ్యకు వంచేవారు, కొన్నిసార్లు వెనక వదిలేసి కొసన ఎర్రగుడ్డ కట్టేవారు. కేంద్రం 2014లో అలా పొడుచుకువచ్చే లోడును నిషేధించింది, అది తర్వాతి మాట. మోకు బిగించాక నాన్న దాన్ని వేళ్లతో ఒక్కసారి మీటేవాడు. ఆ శబ్దం నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టించేవాడు. తర్వాత తలుపులమ్మ తల్లికి ఒక దండం, అంతే. ఇరవయ్యేళ్లలో ఒక్క రాడ్డు జారలేదని ఇప్పటికీ చెబుతాడు. ఇక్కడి డ్రైవర్లకూ పట్టీ మీద చేత్తో చరిచి చూసే అలవాటుంది. నేనూ చరుస్తాను. ఆ చప్పుడు లోపల ఎంత బరువును ఆపుతుందో అడిగితే మాత్రం ఎవరం చెప్పలేం.

శిక్షణలో ఒక లెక్క నేర్పారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు లోడు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోసినా కట్టు నిలవాలి; పక్కలకు, వెనక్కు సగం. నా 22 టన్నులు అంటే, పదిహేడు టన్నులకు పైగా నా వీపు వెనక కాచుకుని ఉన్నట్టు. ఇంతవరకు కదలలేదని వాదించాను కానీ, ఇంతవరకు అంత గట్టిగా బ్రేకు వేయవలసిన అవసరమే రాలేదు. ఆ సంగతి ఆ అధికారి ముందు ఒప్పుకునే ఓపిక నాకప్పుడు లేదు.

ఇంకో అనుమానం కూడా దొలిచింది. నా ముందు వెళ్లిన మూడు బండ్లను ఇంత సేపు చూశారా? 2018 ఏప్రిల్ 6న కెనడాలోనే సస్కాచెవాన్ రాష్ట్రంలో హాకీ జట్టు బస్సు ఒక ట్రక్కును ఢీకొని 16 మంది చనిపోయారు. ఆగవలసిన చోట ఆగకుండా కూడలిలోకి వచ్చింది ట్రక్కే. దాన్ని నడిపింది భారతదేశం నుంచి వచ్చిన కొత్త డ్రైవరు. వెనక ట్రైలరు మీద కొట్టుకుంటున్న టార్పాలిన్ మీదికి అతని దృష్టి మళ్లిందన్నారు. ఆ తర్వాతే, 2019 నుంచి, ఆల్బర్టాలో శిక్షణ తప్పనిసరి అయింది. నేనూ 113 గంటలు కూర్చుని నేర్చుకున్నాను. అయినా టార్చి నా ముఖం మీద పడ్డప్పుడల్లా ఆ బస్సు గుర్తొస్తుంది. వాళ్లకూ గుర్తొస్తుందేమో. లేక అది నా ఊహే కావచ్చు. అతను వంగి చదివింది పట్టీలనే, నా ముఖాన్ని కాదు.

పక్కన ఆగిన పంజాబీ పెద్దాయన ఒకరు నన్ను చూసి, ఏమీ అడగకుండా తన పెట్టెలోంచి ఒక పట్టీ తీసి ఇచ్చారు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు. చీటీ మీది అంకె మాత్రం నాచేత పైకి చదివించారు, ఒకటో తరగతి పిల్లవాడిచేత చదివించినట్టు. చదివాను. గొట్టాల అంచు కోయకుండా కింద ప్లాస్టిక్ మూలలు పెట్టి, పట్టీని లాగి చుట్టే విన్చి బిగించాను. అధికారి మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చి, కాగితం మీద సంతకం చేసి పంపించాడు. రెండు గంటలు పోయాయి. ముందు ఇంకా రోజర్స్ కనుమ ఉంది.

కమ్లూప్స్‌లో లోడు దింపాక నాన్నకు ఫోను చేశాను. కోపమంతా ఆయన ముందు కక్కాను. అంతా విని, "ఎన్ని కట్లు వేశావన్నావు?" అన్నాడు.

"ఐదు, నాన్నా."

"ఇరవై రెండు టన్నులకు ఐదేనా?"

నేను మాట్లాడలేదు. ఆయనే కాసేపాగి, "ఆ చీటీ లేనిది పారేశావా?" అన్నాడు.

"లేదు, పెట్టెలో ఉంది."

"ఉంచు. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. గడ్డి ట్రాక్టరుకు బాగుంటుంది."