ఇరవై ఐదు వేలు, పదిహేను సంతకాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా ఊరి ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ జనవరి నెలాఖరున ఒక శనివారం సాయంత్రం సమావేశమైంది. నాలుగో తరగతి తల్లిదండ్రుల తరఫున ఎన్నికైన ముగ్గురిలో నేనొకణ్ణి. ఆ సాయంత్రం మేం తేల్చినవి నీళ్ల మోటారు, కరెంటు బిల్లు, ఫినాయిలు, సుద్దముక్కల వంటి మామూలు విషయాలే. అయినా వాటి గురించి వివరంగా రాయాలనిపించింది. ఈ కమిటీ ఏర్పడి ఏడాదిన్నర కావస్తుండగా, తీర్మానాల పుస్తకంలోని ప్రతి వాక్యాన్నీ సంతకాలకు ముందే పైకి చదివించుకోవడం మాకు ఇదే మొదటిసారి. అలా చదివించుకున్నందువల్ల రెండు నిర్ణయాలు మారిపోయాయి.

తెలియనివారి కోసం ముందు కొంత చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఇటువంటి కమిటీ ఉండి తీరాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, మొత్తంలో సగం మంది మహిళలు కావాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు కనుక ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడిలో పదిహేను మంది అవుతారు, ప్రధానోపాధ్యాయులు కన్వీనరుగా ఉంటారు. మా కమిటీ 2024 ఆగస్టులో ఎన్నికైంది. చట్టం మహిళలకు సగం అడిగితే మా ఊళ్లో పదిహేను మందిలో పదకొండు మంది మహిళలే ఉన్నారు. ఇందులో ఆదర్శమేమీ లేదు. మా మగవాళ్లలో ఎక్కువమంది విశాఖపట్నంలోనో, చెన్నైలోనో, హైదరాబాదులోనో, అండమాన్‌లోనో పనిలో ఉంటారు. బడి సంగతి చూసుకోవడానికి ఊళ్లో మిగిలేది తల్లులే.

ఈ కమిటీకి చట్టం అప్పగించిన పనుల్లో ఒకటి, ప్రభుత్వం నుంచి వచ్చే గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడడం. ఆ గ్రాంటు లెక్క విచిత్రమైనది. కేంద్రం, రాష్ట్రం కలిసి బడుల కోసం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద, నిర్వహణ ఖర్చులన్నిటికీ కలిపి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటును పిల్లల సంఖ్యను బట్టి నిర్ణయిస్తారు. ముప్పై మంది వరకు ఉన్న బడికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు ఉంటే 25,000, 101 నుంచి 250 వరకు అయితే 50,000. మా బడిలో 58 మంది ఉన్నారు కనుక మాకు వచ్చేది 25,000. తలసరి చూస్తే ఒక్కో బిడ్డకు ఏడాదికి 431 రూపాయలు. కరెంటు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, మరమ్మతులు, నీళ్లు అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. పైగా కనీసం పదో వంతు, అంటే 2,500 రూపాయలు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలి. మాకు పక్కనున్న చిన్న ఊరి బడిలో 29 మందే ఉన్నారు, వారికి వచ్చేది పదివేలు. మోటారు వారికీ ఉంది, మరుగుదొడ్డి వారికీ ఉంది, కరెంటు మీటరు వారికీ తిరుగుతుంది. ఇంకో ఇద్దరు పిల్లలు చేరితే ఒక్కసారిగా 15,000 రూపాయలు పెరిగే ఈ పద్ధతిలో, ప్రైవేటు బడి బస్సు ఎక్కి వెళ్లే ప్రతి బిడ్డా వెనుక మిగిలినవారి మోటారును కూడా కొంత తీసుకుపోతున్నట్టే నాకు తోస్తుంది.

ఇక పుస్తకం సంగతి. పలాసలో జీడిపప్పు తయారుచేసే పరిశ్రమలో లెక్కలు రాయడం నా ఉద్యోగం. అక్కడ బిల్లు చూడకుండా, సరుకు లెక్కపెట్టకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టను. బడి విషయంలో మాత్రం కిందటి ఏడాది ఒక ఉదయం, డ్యూటీకి వెళుతూ గేటు దగ్గరే ఆగి, అప్పటికి ఏమీ రాయని పేజీ కింద సంతకం చేశాను. నాకు పైన అప్పటికే తొమ్మిది సంతకాలు, రెండు వేలిముద్రలు ఉన్నాయి. పైభాగంలో తీర్మానం తరువాత రాశారు. ప్రాథమిక పాఠశాలకు ఆటవస్తువుల కోసం ఇచ్చే 5,000 రూపాయలతో ఏమి కొనాలన్నది ఆ తీర్మానం. డబ్బు ఎక్కడికీ పోలేదు, వస్తువులు వచ్చాయి, బిల్లులూ ఉన్నాయి. వచ్చినవి మాత్రం రెండు వాలీబాల్ బంతులు, ఒక వల, పెద్దవాళ్లు ఆడే క్యారమ్ బోర్డు ఒకటి. ఐదేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల బడి అది. వల కట్టడానికి మా ఆవరణలో స్తంభాలే లేవు. ఆ వల ఇప్పటికీ ప్లాస్టిక్ కవరులో, పుట్టినప్పటి మడతల్లోనే, బీరువా పై అరలో ఉంది. దుకాణదారు ఇచ్చిన జాబితాను ఎవరో తీసుకున్నారు, ఎవరూ చదవలేదు. ఆ పేజీలో నా సంతకం స్పష్టంగా, పొట్టి గీతతో సహా, ఏడో తరగతి పిల్లవాడు కూడా గుర్తుపట్టేలా ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

కనుక ఈ జనవరి సమావేశంలో ముందుగా రాసి పెట్టుకున్న తీర్మానం మీద సంతకాలు మొదలవబోతుండగా, నేను నోరు తెరిచేలోపే, రెండో తరగతి తరఫున ఉన్న ఒక పెద్దావిడ స్టాంపు ప్యాడు మీద వేలు పెట్టబోయి ఆగారు. ఊరంతా ఆవిడను అప్ప అనే పిలుస్తుంది, మనవడి కోసం సంరక్షకురాలిగా ఎన్నికయ్యారు. ఆవిడ అన్నారు: “ఆ కాయితంలో ఏటున్నాదో ఒకపాలి సదివి సెప్పండి మేడం, అప్పుడు ఏలుముద్ర ఏస్తాను.” ప్రధానోపాధ్యాయురాలు ఏమాత్రం నొచ్చుకోలేదు. ఆమె ఒక్కో పద్దూ చదువుతూ పోయారు. మేం ప్రతిదాని దగ్గరా ఆగాం.

మొదటిది మోటారు. పిల్లలకు మరుగుదొడ్ల నీళ్లు, భోజనం పళ్లాలు కడగడానికి నీళ్లు, వంటకు నీళ్లు, అన్నీ ఆవరణలోని నూతి మీద ఉన్న ఒక హార్స్‌పవర్ మోటారు నుంచే రావాలి. డిసెంబరులో అది కాలిపోయింది. అప్పటి నుంచి ఐదో తరగతి పిల్లలు పక్క కొబ్బరితోటలోని బావి నుంచి బకెట్లతో నీళ్లు మోస్తున్నారు, ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డికి వెళ్లకుండా ఓర్చుకుంటున్నారు. తీర్మానంలో రాసింది కాయిల్ మళ్లీ చుట్టించడానికి 2,200 రూపాయలు. వినడానికి పొదుపుగానే ఉంది. కానీ పాత పేజీలు తిప్పి చూస్తే అదే మోటారుకు ఏడాదిన్నరలో రెండుసార్లు కాయిల్ చుట్టించినట్టు, ప్రతిసారీ 2,200 ఇచ్చినట్టు ఉంది. అంటే 4,400 అయిపోయింది, మూడోసారి కూడా ఇస్తే 6,600. కొత్తదానికి సోంపేటలో అడిగితే 8,400 చెప్పారు. భర్త చెన్నైలో వెల్డింగ్ పనిలో ఉన్న ఒక తల్లి లేచి, ఓల్టేజీ పడిపోయినప్పుడు మోటారు ఆపకపోతే కొత్తదైనా అంతేనని, ఆపే బాధ్యత ఎవరిదో ఇప్పుడే రాయాలని అడిగింది. ఆ మాట నాకు తట్టలేదు. కొత్త మోటారు కొనాలని, స్విచ్చి తాళం ఆయమ్మ దగ్గర ఉండాలని, సాయంత్రం ఓల్టేజీ తగ్గే వేళ మోటారు వేయకూడదని తీర్మానం తిరగరాశారు.

రెండో మార్పు మీద వాదన గట్టిగా జరిగింది. ముందరి గోడకు రంగులు వేయించి, బడి పేరు పెద్ద అక్షరాలతో రాయించాలని 6,000 రూపాయల పద్దు ఒకటి ఉంది. తల్లిదండ్రుల సమావేశానికి పెద్దలు వచ్చినప్పుడు బడి కళగా కనిపించాలని కొందరి కోరిక. ఆ కోరికను నేను తక్కువ చేయను. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు తరువాత మా గోడ ఎంతకాలం పెచ్చులూడి నిలబడి ఉందో మాకు తెలుసు. కానీ మూడో తరగతిలోకి వెళ్లి పిల్లల నీళ్ల సీసాలు చూడమని మిగతావారిని అడిగాను. ఒకే బల్ల మీద మూడు సీసాలు ఉన్నాయి. రెండింట్లో ఇంట్లో కొన్న క్యాను నీళ్లు, మూడోదాంట్లో నూతి నీళ్లు. మూడో సీసా అడుగున సన్నని తెల్లటి పొర కట్టి ఉంది. మా ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో మనిషిని పోగొట్టుకోని వీధి లేదు. దానికి నీరే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చలేదు, అయినా నీళ్లంటే మాకు భయమే.

ఆ భయం చూసే కదా హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో ఉద్దానానికి మంచినీటి పథకం తెచ్చారు. 2023 డిసెంబరులో దాన్ని ప్రారంభించారు, ఏడు మండలాల ఊళ్ల కోసం దాన్ని కట్టారు. వంశధార నీరు అంత దూరం ప్రయాణించి మా వీధి చివరకు వచ్చింది. వీధిలోని కుళాయి నుంచి బడి వరండా దాకా ఉన్నది నలభై మీటర్లు. ఆ నలభై మీటర్ల పైపు, పిల్లల ఎత్తుకు నాలుగు కుళాయిలు, కింద నీరు నిలవకుండా చిన్న సిమెంటు అరుగు, పనివాడి కూలి, అన్నీ కలిపి 5,600 అవుతుందని మా ఊరి ప్లంబరు లెక్క చెప్పాడు. రంగుల 6,000 దీనికి మళ్లించాలని నేను ప్రతిపాదించాను. ఇద్దరు వ్యతిరేకించారు. వారి అభ్యంతరం కూడా పుస్తకంలో రాయించాం, ఎందుకంటే రేపు ఎవరైనా అడిగితే ఏకగ్రీవమని అబద్ధం చెప్పవలసిన పని ఉండకూడదు.

మిగతా పద్దుల మీద ఎక్కువ మాట్లాడలేదు. కరెంటు బకాయి 4,300. రిజిస్టర్లు, సుద్దముక్కలు, చార్టులు 3,600. ఫినాయిలు, బ్లీచింగు పొడి, చీపుళ్లు, చేతులు కడిగే సబ్బులు 2,900. మోటారు, కుళాయిలు కలుపుకుంటే మొత్తం 24,800. రెండు వందలు మిగిలింది. మధ్యలో ఒకావిడ, 2025 జూన్‌లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద 13,000 మా ఖాతాల్లో పడ్డాయి, బడి నిర్వహణకని ప్రభుత్వం ఉంచుకున్న ఆ 2,000 మాటేమిటని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అది మా కమిటీ చేతికి రాదని, దాని మీద తీర్మానం చేసే వీలు మాకు లేదని ప్రధానోపాధ్యాయురాలు చెప్పారు. అయినా ఆ ప్రశ్నను కూడా పుస్తకంలో ఎక్కించాం.

తీర్మానం చేసినంత తేలిక కాదు చెల్లింపు. ఇప్పుడు బడి ఖాతాలో డబ్బు ఉండదు, ఖర్చు చేయడానికి పరిమితి మాత్రమే కనిపిస్తుంది. బిల్లు ఆన్‌లైన్‌లో పెడితే అమ్మినవారి బ్యాంకు ఖాతాకు నేరుగా జమ అవుతుంది. నగదు ఎవరి చేతికీ రాకపోవడం మంచి మార్పేనని లెక్కలు రాసేవాడిగా నా అభిప్రాయం. కానీ దుకాణదారు ఖాతా వివరాలు ముందే నమోదు కావాలి, డబ్బు పడేదాకా ఆయన ఆగాలి. అందుకే సరుకు ఎక్కడ చౌకగా దొరుకుతుందన్న దానికన్నా ఎవరు ఆగగలరన్నదాన్ని బట్టి దుకాణాన్ని ఎంచుకోవలసి వస్తోంది. ఏడాది మొదట్లోనే ఈ పరిమితి కనిపిస్తే జూన్‌లోనే మోటారు మార్చేవాళ్లం. మాకు జనవరిలో కనిపించింది, మార్చి 31 లోపు వాడకపోతే వెనక్కి పోతుంది. ఈ తొందరలోనే తెల్ల పేజీల మీద సంతకాలు పుడతాయి. ఎవరి నిజాయితీనీ శంకించకుండా ఈ మాట చెబుతున్నాను.

కుళాయిల పని ఫిబ్రవరి రెండో వారంలో పూర్తయింది. ప్లంబరు కుళాయిలను పెద్దల ఎత్తుకు బిగించబోతే, ఒకటో తరగతి పిల్లను పక్కన నిలబెట్టి, ఆమె మోచేతి దగ్గర గోడ మీద సుద్దతో గీత గీయించాం. ఆమోదించిన పద్దులు, వాటి బిల్లుల నకళ్లు వరండాలోని నోటీసు బోర్డు మీద అంటించాం. అక్షరం రానివారి కోసం నెలకోసారి సమావేశంలో చదివి వినిపించాలని అప్ప పట్టుబడితే అది కూడా తీర్మానంలో చేరింది.

ఇంకొక పని మిగిలి ఉంది. బీరువాలోని వాలీబాల్ వలను, బంతులను మండలంలోని ఉన్నత పాఠశాలకు ఇచ్చి, వాళ్ల దగ్గర వాడకుండా ఉన్న తాడాట తాళ్లు, చిన్న రబ్బరు బంతులు తెచ్చుకోవాలని ఇద్దరు ప్రధానోపాధ్యాయులూ అనుకున్నారు. ఒక బడి స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువును ఇంకో బడికి మార్చాలంటే మండల విద్యాశాఖాధికారి అనుమతి కావాలట. ఉత్తరం నేనే రాసి, ప్రధానోపాధ్యాయురాలితోనూ మా కమిటీ చైర్‌పర్సన్‌తోనూ సంతకాలు చేయించి ఇచ్చి వచ్చాను. సంతకాలకు ముందు ఇద్దరికీ దాన్ని చదివి వినిపించాను. జవాబు కోసం చూస్తున్నాం.