అమ్మ నడుము స్కాన్‌ను ఇంట్లో చూశాము

ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ నడుము ఎంఆర్‌ఐ ఫైళ్లను లాప్‌టాప్‌లో తెరిచి, అమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని చూశాము. స్కానింగ్ సెంటర్ వారు పెద్ద కవరులో ఫిల్ములతోపాటు రిపోర్టు, ఒక సీడీ పెట్టి ఇచ్చారు. ఎల్4-ఎల్5 వద్ద, అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల నడుమ, మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి ఎడమవైపు నరాన్ని తాకుతున్నదని రిపోర్టులో ఉన్న ఒక్క వాక్యం తెలిసినప్పటి నుంచి, నరం నలిగిపోయిందనీ ఇక ఆపరేషను తప్పదనీ అమ్మ దిగులు పడుతోంది. డాక్టరు గారిని మంగళవారం కలవాలి. అంతవరకు ఆ వాక్యాన్ని తలచుకుని కుమిలిపోవడం కంటే, ఆ చోటు ఎక్కడ ఉన్నదో కళ్లారా చూస్తే ఆమెకు కొంత ధైర్యం చిక్కుతుందని నాకు అనిపించింది.

మా లాప్‌టాప్‌కు సీడీ డ్రైవు లేదు కనుక పక్కింటి వారి పాత కంప్యూటరులో సీడీ పెట్టి, ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకున్నాను. ఆ ఫైళ్లన్నీ డైకామ్ పద్ధతిలో ఉంటాయి. అమెరికాలోని రేడియాలజీ వైద్యుల సంఘం, పరికరాల తయారీదారుల సంఘం కలిసి 1985లో తెచ్చిన ప్రమాణమే 1993 నుంచి ఈ పేరుతో వాడుకలో ఉన్నది. ఏ కంపెనీ యంత్రంలో తీసిన స్కాన్ అయినా ఇదే పద్ధతిలో భద్రమవుతుంది కాబట్టే, ఓహెచ్‌ఐఎఫ్, డీడబ్ల్యూవీ వంటి ఉచిత వ్యూయర్లు మామూలు బ్రౌజరులోనే దానిని చూపగలుగుతున్నాయి. ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరునూ ఎక్కించనక్కరలేదు.

అయితే ఒక్కొక్క ఫైలులో బొమ్మతోపాటు రోగి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు కూడా ఉంటాయి. అందువల్ల అమ్మ ఫైళ్లు ఇంకెవరి సర్వరుకో వెళ్లకూడదన్నది నా పట్టుదల. ముందు వ్యూయర్ పేజీని పూర్తిగా తెరిచి, తరువాత వైఫై ఆపేసి, అప్పుడు ఫోల్డరును లాగి పేజీ మీద వదిలాను. నెట్ లేకుండానే బొమ్మలన్నీ వచ్చాయి. అంటే పనంతా మా లాప్‌టాప్ లోపలే జరుగుతున్నదన్నమాట. ఎవరికైనా నేను గట్టిగా చెప్పే జాగ్రత్త ఇదే. తెర మూలన పేరు కనిపిస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా మంచిది కాదు.

ముందుగా పక్కనుంచి చూసే బొమ్మల వరుసను తెరిచాను. దొండకాయను నిలువుగా చీల్చినట్టు ఉండేవి ఇవి, చక్రాలుగా తరిగినట్టు ఉండేవి ఇంకో వరుస అని చెప్పగానే అమ్మకు సులువుగా అర్థమైంది. టీ2 అనే రకంలో నీరు తెల్లగా కనిపిస్తుంది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం తెల్లని పట్టీలా పైనుంచి కిందికి దిగుతుంటే, వెన్నుపాము ముగిసిన చోటు నుంచి నరాలు సన్నని నల్లని పోగులుగా ఆ తెలుపులో వేలాడుతూ కనిపించాయి. మౌస్ చక్రం తిప్పుతూ ఒక్కొక్క పొరనూ దాటుతున్నప్పుడు ఆ పోగులు కనిపించడం, మాయమవడం అమ్మ చాలాసేపు చూసింది. పై డిస్కుల నడుమ తెల్లని తేమ ఇంకా ఉన్నది. ఎల్4-ఎల్5 డిస్కు మాత్రం నల్లబడి, ఎత్తు తగ్గి, వెనుకకు కొద్దిగా ఉబ్బి తెల్లని పట్టీని నొక్కుతున్నది.

తరువాత అదే చోటును అడ్డంగా కోసిన బొమ్మలో చూపించాను. “నొప్పి ఎడమ కాలికి కదురా, నువ్వు కుడివైపు చూపిస్తావేం?” అని అడిగింది. “నీ పాదాల దగ్గర నిలబడి తలవైపు చూస్తున్నట్టు ఉంటుందమ్మా ఈ బొమ్మ. నీ ఎడమ ఇక్కడ కుడివైపు వస్తుంది” అని, తెర అంచున లెఫ్ట్ (ఎడమ) అనడానికి గుర్తుగా ఉన్న ఎల్ అక్షరాన్ని చూపించాను. ఆ వైపున నరం వెళ్లే సందు రెండో వైపు కంటే ఇరుకుగా ఉన్నదని ఆమే గుర్తుపట్టింది. ఈ డిస్కు దగ్గర సాధారణంగా ఒత్తిడికి లోనయ్యేది ఎల్5 నరం. అది పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలి వరకు వెళుతుంది. అమ్మకు తిమ్మిరి ఎక్కేదీ సరిగ్గా అక్కడే. బొమ్మ, బాధ ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయా లేదా అన్నదే ఇందులో ముఖ్యమని నా నమ్మకం. ఎందుకంటే ఏ నొప్పీ లేనివారి స్కాన్‌లలో కూడా ఉబ్బిన డిస్కులు మామూలే. 2015లో ఒక అమెరికన్ రేడియాలజీ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, నొప్పి లేని 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఈ సంఖ్యలు చదివి వినిపించాక అమ్మ ముఖం తేటపడింది. “అయితే నా ఒక్కదానికే కాదన్నమాట” అన్నది.

సాయంత్రం, కోవిడ్ రోజుల్లో తీసిన నాన్నగారి ఛాతీ సీటీ ఫైళ్లను కూడా తెరిచాను. సీటీలో ప్రతి చుక్కకు, అక్కడి పదార్థం ఎక్స్‌రేను ఎంత ఆపుతుందో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది. దానిని బట్టే తెరపై ఛాయ వస్తుంది. హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో నీరు 0, గాలి -1000. మన కంటికి అన్ని ఛాయలనూ ఒకేసారి వేరు చేసే శక్తి లేదు కనుక, ఆ సంఖ్యలలో కొంత పరిధిని మాత్రమే ఎంచుకుని చూడాలి. మెత్తని కండరాలకు సరిపోయే పరిధిలో ఊపిరితిత్తులు వట్టి నలుపుగా కనిపించాయి. సుమారు -1350 నుంచి 150 వరకు పెట్టగానే అదే బొమ్మలో రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా బయటపడ్డాయి. ఫిల్ము మీద అచ్చు వేసినవారు ఎంచిన పరిధే మనకు దక్కుతుంది. ఫైలులో మాత్రం అన్నీ ఉంటాయి. అందుకే సీడీని పారేయవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

నేను రేడియాలజిస్టును కాను, తెరపై చూసి చికిత్స నిర్ణయించే ఉద్దేశమూ లేదు. కానీ ఈ రోజు అమ్మా నేనూ కలిసి డాక్టరు గారిని అడగవలసినవి కాగితం మీద రాసుకోగలిగాము: బొటనవేలు పైకెత్తే బలం తగ్గిందా, మందులతోనూ ఫిజియోథెరపీతోనూ ఎంతకాలం చూడవచ్చు, ఏ కదలికలు మానాలి. మూత్రం మీద పట్టు తప్పినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలని కూడా ఆ కాగితం పైభాగాన పెద్ద అక్షరాలతో రాసి, అమ్మ చేత ఒకసారి చదివించాను.