టించరు వడగట్టిన రోజు

కొన్ని వారాలుగా ఆల్కహాలులో నానుతున్న ఫ్రాంకిన్సెన్స్ (ధూపానికి వాడే సుగంధ బంక) టించరును, అంటే దాని ఆల్కహాలు సారాన్ని, ఈ రోజు వడగట్టాను. అడుగున తెల్లటి మడ్డి చాలానే మిగిలింది. ఈ బంకలో సుగంధ తైలం, రెసిన్, నీటిలో కరిగే జిగురు కలిసి ఉంటాయి. ఆల్కహాలు మొదటి రెంటినీ తనలోకి తీసుకుని జిగురును వదిలేస్తుంది కాబట్టి, వడపోత కాగితం మాటిమాటికీ పూడుకుపోయి పని నత్తనడక నడిచింది.

తరువాతి విడతకు ఫ్రిజ్‌లో ఉంచిన బంక గడ్డలను చల్లదనం పోకముందే కల్వంలో వేసి నూరాను. కాస్త వేడెక్కితే చాలు, అవి పొడి కాకుండా కల్వానికే అతుక్కుపోతాయి. ఒమాన్‌లోని ధోఫార్‌లోనూ, యెమెన్, సోమాలియాలలోనూ పెరిగే బోస్వెల్లియా సాక్రా చెట్టు బెరడును గీరితే పాలలా కారి, గాలికి గట్టిపడే స్రావమే ఈ బంక.

వడపోత సాగుతుండగా ఆవిరి పట్టి తీసిన ఫ్రాంకిన్సెన్స్ నూనెను ఒక కాగితపు పట్టీ మీద, టించరును మరో పట్టీ మీద వేసి పక్కపక్కన పెట్టాను. నూనె మొదట నిమ్మ తొక్కను, దేవదారు జాతి ఆకులను, కాస్త మిరియాన్ని తలపించింది. అది ఆల్ఫా పైనీన్, లిమోనీన్ వంటి తేలికైన పదార్థాల పని, త్వరగానే ఎగిరిపోతుంది. బంకలోని బరువైన బోస్వెలిక్ ఆమ్లాలు ఆవిరితో పైకి రావు గనుక, వాటి గుణాలను ఈ నూనెకు అంటగట్టే ప్రకటనలను నేను పట్టించుకోను. టించరు మొదట మందకొడిగా అనిపించినా, మధ్యాహ్నానికి ప్రార్థనా మందిరాలలో గుబాళించే ఆ లోతైన ధూప వాసన దాని పట్టీ మీదే స్పష్టంగా నిలిచింది. ఆ వాసనకు కీలకమైనవి అతి స్వల్ప పరిమాణంలో ఉండే ఒలిబానిక్ ఆమ్లాలని ఫ్రాన్స్‌లోని నీస్ నగర రసాయన శాస్త్రవేత్తలు 2016లో ప్రకటించారు. నూనెలో సింహభాగం పైనీన్‌దే అయినా, పరిమళం చివరిదాకా నిలబడేది ఈ పిసరంత పదార్థంతోనే కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇథియోపియాలో దొరికే మరో ఫ్రాంకిన్సెన్స్ జాతి, బోస్వెల్లియా పాపిరిఫెరా నూనెలో మాత్రం పండ్ల వాసన గల ఆక్టైల్ ఎసిటేట్ ఎక్కువ. సీసా మీద జాతి పేరు రాయకుండా ఉత్త ‘ఫ్రాంకిన్సెన్స్’ అని అమ్మడం అందుకే నాకు నచ్చదు.

సగంలో ఉన్న నా పరిమళ మిశ్రమానికి నిమ్మ ఛాయ ఫ్రాంకిన్సెన్స్ నూనె నుంచే వస్తోంది కనుక బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు నూనెను సగానికి తగ్గించి, టించరుకు తోడుగా వట్టివేళ్ల నూనెను కొద్దిగా పెంచి, సీసాకు మూత బిగించాను.