వరండాకి అటూ ఇటూ

పర్లాకిమిడి నుంచి నౌపడా దాకా చిన్న రైలు, అక్కడ మెయిన్ లైన్ బండెక్కితే బరంపురం. 1986లో ఒక రేకు పెట్టె, నాన్న ఇచ్చిన బైబిలు పట్టుకుని అలా వచ్చి చేరాను మన కాలేజీలో. నాన్న ఊళ్లో ఉపదేశి. నేను బైబిలు చదువు చదివి చర్చిలో పాస్టరు అయ్యగారిని కావాలని ఆయన కోరిక. నా కోరిక దుబాయి. అరబ్బీ వస్తే అక్కడ జీతం రెట్టింపని మా వీధి కుర్రాడెవడో చెప్పాడు. వాడెప్పుడూ దుబాయి వెళ్లలేదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. అప్లికేషన్‌లో రెండు సబ్జెక్టులూ రాసిస్తే ఆఫీసు గుమాస్తా "ఇవి రెండూ ఒకళ్లకేనా?" అని రెండుసార్లు అడిగాడు.

అరబ్బీకి ముగ్గురం. పక్కనే కూర్చునే కుర్రాడు చిన్నప్పటి నుంచి ఖురాన్ గడగడా చదివేవాడు కానీ అర్థం తెలీదు. నాకు చదవడమూ రాదు, అర్థమూ తెలీదు. మూడోవాడు ఎప్పుడొచ్చేవాడో, ఎప్పుడు మానేసేవాడో. మౌల్వీ సాబ్ సైకిల్ మీద వచ్చేవారు. ఆయన మాటలో సగం తెలుగు, పావు ఒరియా, మిగతాది ఉర్దూ, మన ఊళ్లో అందరి లాగే. ఇరవై ఎనిమిది అక్షరాలు, అన్నీ కుడి నుంచి ఎడమకి. రాయడం నెల రోజుల్లో వచ్చేసింది. పలకడమే రాలేదు. 'ఐన్' అనే అక్షరం పలకమంటే నాకు చేపముల్లు గుచ్చుకున్నట్టు దగ్గొచ్చేది.

మొదటి వారమే ఆయన నల్లబల్ల మీద మూడక్షరాలు రాసి, "అరబ్బీ అంతా ఇదే బాబూ, మూడు హల్లుల ధాతువు. మిగతాదంతా దానికి తొడిగే బట్టలు" అన్నారు. క-త-బ అంటే రాయడం. కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తబ్ రాసుకునే చోటు. నిఘంటువులో మక్తబ్ కావాలంటే 'మ'లో వెతికితే దొరకదు, 'క'కి వెళ్లాలి. ఆ చిన్న సంగతికి నేను పడ్డ తిప్పలు లైబ్రరీలోని హాన్స్ వేర్ నిఘంటువుకి తెలుసు.

ఆ తర్వాత మన మాటలే బయటికి తీశారు. కబురు, జవాబు, హాజరు, ఖాళీ, అసలు, నకలు అన్నీ అరబ్బీవే. అమలూ మామూలూ ఒకే ధాతువు బిడ్డలు. అరబ్బీ వ్యాకరణంలో భూతకాలం పేరు మాజీ. మాజీ ఎమ్మెల్యే అంటే భూతకాలపు ఎమ్మెల్యే అన్నమాట. ఆ రోజు క్లాసులో పాఠం సాగలేదు.

వరండా దాటితే బైబిలు క్లాసు. అక్కడ మా మేష్టారు పాత నిబంధన మూలభాష హెబ్రీ చెప్పేవారు, కొద్దికొద్దిగా, పరీక్షకి సరిపడా. అది అరబ్బీకి చుట్టం. శాంతి అక్కడ షాలోమ్, ఇక్కడ సలామ్. ఇల్లు అక్కడ బేత్, ఇక్కడ బైత్. బేత్లెహేము అంటే హెబ్రీలో రొట్టెల ఇల్లని మేష్టారు చెప్పిన రోజే ఇటొచ్చి అడిగితే మౌల్వీ సాబ్ నవ్వి, "మా భాషలో లహ్మ్ అంటే మాంసం బాబూ" అన్నారు. మాట ఒకటే, రొట్టె తినేవాళ్ల దగ్గర రొట్టె అయింది, మాంసం తినేవాళ్ల దగ్గర మాంసం అయింది అనుకున్నాను. ఇది నా ఊహే, మార్కులకి పనికిరాలేదు.

అన్నిటికంటే గుర్తుండిపోయింది బైబిల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం, ఎనిమిదో అధ్యాయం. దేవుడు ప్రవక్తకి వేసవి పళ్ల గంప చూపించి, వెంటనే నా జనానికి అంతం వచ్చేసింది అంటాడు. పళ్లకీ అంతానికీ సంబంధమేంటి? తెలుగులో ఎన్నిసార్లు చదివినా తెలీదు. హెబ్రీలో వేసవి పండు 'కయిత్స్', అంతం 'కేత్స్'. అదీ సంగతి, మాట మీద మాట. నేను వరండా దాటి పరిగెత్తాను. మౌల్వీ సాబ్ కాసేపు ఆలోచించి, "మాకూ ఉంది, కైజ్. నడివేసవి మంట" అన్నారు. ఆయన కూడా కాస్త ఉత్సాహపడ్డారనే నా నమ్మకం. టీ తెప్పించారు మరి.

పరీక్షలో ఒక గండం. ఆన్సరు పుస్తకం చివరి పేజీ నుంచి మొదలుపెట్టి రాశాను, అరబ్బీ కదా. హాల్లో ఉన్న సారు అది చూసి, నేనేదో దాస్తున్నాననుకుని పుస్తకం లాక్కున్నారు. మౌల్వీ సాబ్ వచ్చి చెప్పే దాకా పావుగంట టెన్షన్. ఆ పావుగంట ఎవరూ తిరిగివ్వలేదు.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాన్న అరబ్బీ బైబిలు చదవమన్నారు. 1865లో బేరూత్‌లో పూర్తయిన వాన్ డైక్ అనువాదం, లైబ్రరీ నుంచి తెచ్చాను. ఆదికాండం మొదటి వచనం. "అల్లాహ్" అన్న మాట వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసింది. అరబ్బు క్రైస్తవులు దేవుణ్ని అలాగే అంటారని చెప్పాను. తిడతారనుకున్నాను. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని, "మన దేవుడు అన్న మాట మాత్రం బైబిలుతో వచ్చిందా ఏంటి? ముందు నుంచీ ఇక్కడున్నదే. ఇంకోసారి చదువు" అన్నారు. గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకున్న ఊరు మాది. మాటలంటే నాన్నకి భయం లేకపోయేది.

అయ్యగారినీ కాలేదు, దుబాయీ వెళ్లలేదు. గుణుపురం వైపు తహసీలు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి మౌల్వీ సాబ్ ఇంటికి వెళితే దీవించక ముందే, "తహసీలు ధాతువేంటి?" అన్నారు. హ-స-ల అన్నాను, రాబట్టడం. మహసూలు కూడా దాని చుట్టమేనన్నాను.

"మరి వసూలు?"

"అదీ దీని చుట్టమే."

"కాదు. వ-స-ల. అది వేరే ఇంటిది" అని నవ్వి, "ఆ 'హ' అక్షరం కూడా సరిగ్గా పలకలేదు, గొంతు లోపలి నుంచి రావాలి" అన్నారు. గుమ్మంలో నిలబెట్టి మూడుసార్లు పలికించి, అప్పుడు లోపలికి రమ్మన్నారు.