తెరచాప పడవలో చిన్న ఏసీ: నీటి వరుసలోకి గాలి ఎక్కడి నుంచి వచ్చింది?

ఏసీ రాత్రంతా ఆగకుండా నడిచింది. ఆరు వేల బీటీయూల (చల్లబరిచే శక్తికి కొలత) ఈ యూనిట్‌ను బెర్తు కింద బిగించడం, గాలి గొట్టాలను లాకరు వెనుక నుంచి తీసుకెళ్లడం, గాలిలోని తేమ చల్లబడి కారే కండెన్సేట్ నీటిని బిల్జ్‌లోకి (పడవ అడుగు భాగంలోకి) కాకుండా సంపుకు, అంటే నీరు పట్టే చిన్న తొట్టికి, మళ్లించడం పెద్దగా శ్రమ పెట్టలేదు. ఇన్నాళ్లూ విసిగించింది సముద్రపు నీటి వరుస ఒక్కటే, అంటే ఏసీ వేడిని మోసుకుపోవడానికి సముద్రపు నీటిని పంపుతో తెచ్చి మళ్లీ బయటికి వదిలే గొట్టాల వరుస.

చల్లగాలి బాగానే వచ్చేది. ఇరవై నిమిషాల తరువాత, ఒక్కోసారి మూడు గంటల తరువాత, అధిక పీడనం వల్ల కంప్రెసర్ ఆగిపోయేది. బయటికి పోయే నీటిని కొలపాత్రలో పట్టి చూస్తే మొదట నిమిషానికి ఆరు లీటర్లు ఉండేది, ఆగిపోయే ముందు రెండు లీటర్లకు పడిపోయేది. లోపలికి వచ్చే నీరు 30 డిగ్రీల వద్ద ఉండగా బయటికి పోయేది మొదట 36, చివరికి 46 డిగ్రీలు చూపేది. యూనిట్ వదిలే వేడి రెండు కిలోవాట్ల పైచిలుకు కనుక ఈ లెక్క సరిపోయింది. అంటే వేడిని నీటికి అందించే కండెన్సర్‌లో లోపమేమీ లేదు, దానికి చాలినంత నీరు అందడం లేదు.

మొదట వోల్టేజిని అనుమానించాను. లోడు మీద 230 నుంచి 221కి తగ్గింది, అంత తగ్గుదల ఈ పంపుకు లెక్కలోది కాదు. తరువాత సీకాక్ (పడవ అడుగున సముద్రపు నీరు లోపలికి వచ్చే చోటి వాల్వు) దగ్గర హోస్ విప్పి చూస్తే నీరు ధారగా వచ్చింది కాబట్టి బయట నీటిని పట్టే స్కూప్‌లో నాచు, గవ్వలు లేవని తేలింది. పంపు మార్చ్ అనే కంపెనీ వారి మాగ్నెటిక్ డ్రైవ్ రకం, మోటారు దాని రెక్కలను అయస్కాంతాలతో తిప్పుతుంది, షాఫ్ట్ సీలే ఉండదు కనుక అటు నుంచి గాలి చొరబడే ప్రశ్న లేదు. హోస్ సీకాక్ నుంచి పంపు దాకా ఎక్కడా గూను లేకుండా ఎగువకే సాగుతోంది, మధ్యలో గాలి చిక్కే చోటు లేదు.

పంపు ముందు ఒక జానెడు పారదర్శక హోస్ వేసి టార్చ్ పట్టుకుని కూర్చున్న తరువాతే సంగతి బయటపడింది. ఆవగింజంత బుడగలు ఆగకుండా వస్తూ పంపు నోటి దగ్గర ఒక్కటై నిలుస్తున్నాయి, రెక్కల విసురుతో నీటిని నెట్టే ఈ సెంట్రిఫ్యూగల్ పంపు వాటిని నెట్టలేకపోతోంది. పైగా ముందు భాగంలోని మంచినీటి ట్యాంకు నిండుగా ఉన్న రోజున ఈ బాధ దాదాపు లేదు. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ పడవ ముక్కు పైకి లేస్తుంది, దానితోపాటు పంపు ముందు నీటిలోని చెత్తను ఆపే జల్లెడ డబ్బా, అంటే స్ట్రెయినర్, మూత బయటి నీటిమట్టం కంటే రెండు సెంటీమీటర్ల మేర పైకి వస్తుంది. అక్కడ మూత సందును మూసే రబ్బరు వలయం, ఓ-రింగు, మీద వెంట్రుకంత గాడి ఉంది. మట్టానికి పైన, పంపు పీల్చే వైపున ఉన్న సందు నీటిని బయటికి కార్చదు, గాలిని లోపలికి పీలుస్తుంది. మూత ఎప్పుడూ పొడిగా కనబడటానికి కారణం అదే. మూత చుట్టూ సిలికాన్ గ్రీజు దట్టంగా పూయగానే బుడగలు ఆగి, ధార మళ్లీ ఆరు లీటర్లకు చేరింది.

ఓ-రింగు మార్చి ఊరుకోవచ్చు గానీ, దాని మీద నాకు నమ్మకం లేదు. స్ట్రెయినర్‌ను పద్దెనిమిది సెంటీమీటర్లు కిందికి దించాను, కాబట్టి ముక్కు లేచినా మూత నీటిమట్టానికి కిందే ఉంటుంది. ఇప్పుడు మూత వదులైతే, పంపు ఆగి ఉన్నప్పుడైనా నీరు కారి నా కంటబడుతుంది. ఈ సారి ప్లాస్టిక్‌ది తీసేసి గ్రోకో కంపెనీ కంచు స్ట్రెయినర్ పెట్టాను. బరువు ఎక్కువే, కానీ మూత బిగించేటప్పుడు మరలు అరిగిపోతాయన్న భయం ఉండదు.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. గాలికి పడవ ఒరిగినప్పుడు స్కూప్ నీటిపైకి తేలితే హోస్‌లోకి గాలి చేరుతుంది, లంగరు వేశాక పంపు ఆన్ చేస్తే ఒట్టిగా తిరుగుతుంది. పంపు తరువాత హోస్‌లో టీ (మూడు నోళ్ల గొట్టపు ముక్క) వేసి, చేత్తో గాలి వదిలే చిన్న వాల్వు పెట్టబోతున్నాను. ఆ తరువాత కంప్రెసర్‌ను మెల్లగా మొదలుపెట్టే పరికరం, సాఫ్ట్ స్టార్టర్: కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు నడిచే కరెంటుకు కొన్ని రెట్లు ఉంటుంది కనుక, అది లేకుండా చిన్న జనరేటర్‌తో ఈ యూనిట్‌ను నడపాలనుకోవడం దండగ.